నూరు మీటర్ల లెక్క

శనివారం పొద్దున్నే
షెఫీల్డ్ ఇంకా దుప్పట్లో ముడుచుకునుండగానే
వంటింట్లో కాటా పెట్టి మా సంచులు తూస్తుంది అమేయ.
దానికి తొమ్మిది కిలోలు, నాకు పదకొండు.
బరువు కోసం రాళ్ళు నింపాలంది మొదట.
రాళ్ళెందుకే, బియ్యం లేవూ అన్నాను.
అలా మొదలెట్టాయి మా ఇంటి సోనామసూరి
కొండలెక్కడం.

ఇరవై రెండేళ్ళుగా బస్సు నడిపేవాణ్ణి.
నా కాళ్ళెరిగిన దూరం
బ్రేకు నుంచి యాక్సిలరేటర్ దాకా.
ఈడేల్‌లో బయల్దేరి స్కాట్లండు గడప తొక్కే దారి,
రెండువందల అరవై ఎనిమిది మైళ్ళు,
ఆగస్టులో నడుద్దామా నాన్నా అని అది అడిగితే
సరేనంది నోరు.
కాళ్ళనెవరూ అడగలేదు.

నన్నే ఎందుకు అడిగిందో ఇప్పటికీ తెలీదు.
అంతకుముందు ఏడాదంతా అది నాతో మాట్లాడింది
చార్జర్ గురించి, వైఫై గురించి.
"ఎందుకని అడక్కు, నడువు" అంది వాళ్ళమ్మ ప్రసూన,
నైట్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ.

పొగమంచులో కళ్ళు పనికిరావు, లెక్క పనికొస్తుందట.
ఎడమకాలు పడ్డప్పుడల్లా ఒకటి.
జనవరిలో ఎండ్‌క్లిఫ్ పార్కులో టేపు పరిచి
నూరు మీటర్లు నడిపించింది నన్ను,
కుక్కల్ని తిప్పేవాళ్ళంతా చూస్తుండగా.
మ్యాపు అంచున పెన్సిల్‌తో రాసుకుంది:
నాన్న 64, నేను 71.
కాస్త గర్వపడ్డాను. దాచడమెందుకు.

స్టానేజ్ గట్టు మీద వాన పైనుంచి కురవదు,
పక్కనుంచి వచ్చి చెవిలో దూరుతుంది.
ఒక గొర్రె నమలడం ఆపి మమ్మల్ని చూసింది,
జీతం లేని ఈ పనేమిట్రా మీకు అన్నట్టు.
అమేయ నవ్వింది.
మడమ మీద బొబ్బ చితికిన రోజది, అయినా నవ్వింది.

ఆదివారం ఆ బియ్యమే వండుకుంటాం.
మోతలో నలిగి పావువంతు నూకలు.
ప్రసూన జల్లిస్తూ అడుగుతుంది
"ఇవి ఏ కొండ నూకలు?"
మేం తిన్నంత మేరా సంచి తేలికవుతుంది,
మళ్ళీ శనివారానికి నింపాలి.

మార్చిలో కిండర్ మీద మబ్బు దిగింది.
చేయి చాస్తే వేళ్ళు లేవు.
ఎడమకే పోవాలన్నాను.
ఊళ్ళో ప్రతి మలుపూ తెలిసిన డ్రైవర్ని కదా!
అది దిక్సూచి వైపు చూసింది, నా వైపు చూసింది,
ఏమీ అనకుండా రాయి మీద కూర్చుంది.
నేనొక్కణ్ణే వెళ్ళాను. అరవై నాలుగు. మళ్ళీ అరవై నాలుగు.
మూడో నూరులో నేల లేదు.
నల్లటి బురద, తొడ దాకా,
చల్లగా, తీరిగ్గా, నన్ను తనలో కలుపుకుంటూ.

వెనక్కొచ్చేసరికి అక్కడే ఉంది, ఈల నోట్లో.
"ఎన్ని?" అంది.
"నూట డెబ్బై."
"తిరిగొచ్చేటప్పుడు?"
"లెక్కపెట్టలేదు. నీ ఈల విన్నాను."
పల్లీ చిక్కీ విరిచి సగమిచ్చింది.
పెద్ద సగమో చిన్న సగమో చూసుకోలేదు.

మేలో మళ్ళీ టేపు పరిచింది.
దానికి అరవై మూడు.
నాకు అరవై ఎనిమిది.
"బూట్లకి బురదుంది" అన్నాను.
బూట్లు చూసింది. పొడిగా ఉన్నాయి.

జాలిపడి పాత అంకె ఉంచుతుందేమో అనుకున్నాను.
లేదు. రబ్బరు తీసి రెండూ చెరిపి
కొత్తవి రాసింది, నావి కాస్త గట్టిగా నొక్కి.
మంచిదే.
పాత అరవై నాలుగు నమ్ముకుంటే
మబ్బులో ఇద్దరం తప్పిపోతాం.

వచ్చే వారం పదమూడు కిలోలట.
కొత్త బస్తా విప్పాలి.
కత్తెర ఎక్కడ పెట్టిందో అడగాలి దాన్ని.